తిట్టే నోరు

సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో జిప్సం సీలింగులు చేసే ఆ దుకాణానికి పేరు తెచ్చింది బావాబామ్మర్దుల తిట్లే. నర్సింలు పైకప్పు మీద ఒక పువ్వు తీసేవాడు. అతని భార్య ఉమాదేవికి తమ్ముడైన లింబాద్రి కింద నిలబడి తలెత్తి చూసి, "గిది పువ్వా బావ, బర్రె తొక్కిన తట్టనా? నీకు కండ్లు పోయినయా?" అనేవాడు. నర్సింలు ఒళ్ళు మండి రేకులన్నీ గీకేసేవాడు. "ఇగ నువ్వు చెయ్యిరా, నీ తెలివెంతుందో సూస్త" అని తాపీ చేతికిచ్చేవాడు. తర్వాత లింబాద్రి చేసినదాన్ని నర్సింలు అంతకంటే ఘోరంగా వెక్కిరించేవాడు. సాయంత్రానికి ఇద్దరూ అనుకోని సొగసేదో పైన తేలేది. వాళ్ళ అలల సీలింగు అలా పుట్టిందే. పక్కనున్న అభా నగరం నుంచి కూడా జనం వచ్చి అదే కావాలన్నారు.

ఈ ఏడాది పనులు తగ్గాయి. సూపర్‌వైజర్ అనీస్ భాయ్ హైదరాబాద్ మనిషి. ఇద్దరినీ కూర్చోబెట్టి, తమకు వీసాలిచ్చిన యజమాని కఫీల్ మాట చెప్పాడు.

"కఫీల్ ఒక్కరి ఇఖామానే రెన్యూ చేస్తడంట. షోరూంల చెరొక గది చెయ్యండి, కొత్త డిజైన్ ఉండాలె. మంచిగ చేసినోడు ఉంటడు, ఇంకొకడికి ఫైనల్ ఎగ్జిట్, ఊరికి పోవుడే. పోటీ పెడ్తే దిమాఖ్ తేజ్ అయితదంటుండు. నా చేతుల ఏం లేదు నర్సింలూ."

బావమరిది బతకగోరతాడు, దాయాది చావగోరతాడు అంటారు. ఆ మాట పుట్టించిన పెద్దలకు, అక్కడ ఉండి పనిచేసుకోవడానికిచ్చే ఇఖామా కార్డు సంగతి తెలియదు పాపం.

రెండు గదుల మధ్య గుడ్డ కట్టారు. తడి జిప్సం ముందు కూర్చుంటే నర్సింలు చేతులు పాత అలలే తీస్తున్నాయి. చెరిపి మళ్ళీ చేస్తే మళ్ళీ అవే. తోటి పనివాళ్ళను పిలిచి చూపిస్తే అందరూ "మస్తుంది అన్నా" అన్నారు. పని ఊడేలా ఉన్నవాడి మీద ఎవరు మాత్రం నోరు చేసుకుంటారు? గుడ్డకు అవతల లింబాద్రి గీకుతున్న చప్పుడు వినిపించేది, కాసేపటికి ఆగిపోయేది. వాడికీ ఏమీ తోచడం లేదని నర్సింలుకు తెలుస్తూనే ఉంది. లేచి వెళ్ళి ఒక్క తిట్టు తిడితే వాడికి దారి దొరుకుతుంది. దొరికితే తన పని పోతుంది. నర్సింలు లేవలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

రూంలో ఇద్దరికీ ఒకే గిన్నెలో అన్నం. లింబాద్రి ముందు బావకే వడ్డించి, "మీరు తినుర్రి బావ" అన్నాడు. ఈ 'మీరు' ఎప్పటి నుంచిరా అని అడగబోయి నర్సింలు ముద్ద మింగాడు.

ఉమాదేవి ఫోన్లో ఏడ్చింది. "వాడు ఓడితే నా తమ్ముడు ఆగమైతడు, నువ్వు ఓడితే మనం ఆగమైతం. ఎవరు గెలవాలని మొక్కాలె నేను?"

గుడ్డ తీసిన రోజు కఫీల్ రెండు గదులూ చూశాడు. రెండింటిలోనూ అవే అలలు, ఏది ఎవరిదో చెప్పలేనంత ఒకేలా ఉన్నాయి. కొత్తదేదీ లేదని విసుక్కుని, ముందు నుంచీ ఉన్న నర్సింలునే ఉంచమని చెప్పి వెళ్ళిపోయాడు. లింబాద్రి పెట్టె సర్దుకుని, బావతో చెయ్యి కలిపి ఊరికి వెళ్ళిపోయాడు. గెలిచినవాడు ఆ రాత్రి ఒక్కడికే అన్నం వండుకున్నాడు.

నెల తిరక్కుండానే నజ్రాన్‌లో ఒక పెద్ద ఇంటి మజ్లిస్ పని వచ్చింది. అతిథులను కూర్చోబెట్టే ఆ హాలుకు ఎక్కడా లేని డిజైన్ కావాలన్నారు. కుదరకపోతే నర్సింలునూ పంపించేస్తానన్నాడు కఫీల్. నర్సింలు తోచిందేదో చేశాడు. బాగాలేదని తెలుస్తోంది, ఎక్కడ బాగాలేదో తెలియడం లేదు. ఊళ్ళో ఉన్న లింబాద్రికి వీడియో కాల్ చేసి, ఫోను సీలింగంతా తిప్పి చూపించాడు.

"ఎట్లుందిరా?"

"బాగుంది బావ."

"సరిగ్గ సూడు. ఏమన్న అనురా. నీ కాళ్ళు మొక్కుత, తిట్టురా."

లింబాద్రి చూశాడు. ఫోను ఎడమ మూలకు రాగానే వాడి నొసలు ముడిపడ్డాయి, పెదవి కదిలింది. నర్సింలు ఫోనును అక్కడే ఆపాడు.

"మీరు చేసిన్రు గద బావ, మంచిగనే ఉంటది" అన్నాడు లింబాద్రి.

ఫోను పెట్టేశాక నర్సింలు నిచ్చెన ఎక్కి ఆ ఎడమ మూలనే చాలాసేపు చూశాడు. అతనికేమీ కనిపించలేదు.