వారెంట్ మనిషి

భూమికి దక్షిణపు కొసనున్న ఇన్వర్‌కార్గిల్ చలి గురించి, చదువుకి బయలుదేరిన కిరణ్మయికి నంద్యాలలో ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆమె నమ్మేది కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని విని పెరిగిన పిల్లకి, అదే రోజుల్లో పొద్దున లేచి చూస్తే పెరట్లో గడ్డి మీద మంచు పేరుకుని ఉండటం మొదట్లో వినోదంగానే తోచింది. ఫోటోలు తీసి ఇంటికి పంపింది కూడా. ఆ వినోదం జూన్ దాకా నిలవలేదు.

ఆమెతో కలిసి ఉండేది వర్షిత. జగిత్యాల అమ్మాయి. అక్కడి పాలిటెక్నిక్‌లో ఇద్దరిదీ ఒకటే క్లాసు, వయసులో మాత్రం వర్షిత ఏడాది చిన్న. అందుకని అక్కా అంటుంది, కానీ మాట వినదు. వాళ్లు అద్దెకున్నది రేకుల కప్పున్న పాత చెక్క ఇల్లు. అలాంటి ఇంటినీ అక్కడ ఫ్లాట్ అనే అంటారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. కిటికీల చుట్టూ నల్లగా బూజు, గోడకున్న హీటర్‌కి ప్రాణం లేదు. ఓనరమ్మ ఆక్లండ్‌లో ఉంటుంది, ఎన్నిసార్లు చెప్పినా "చేయిస్తాను" అనడమే.

సాయంత్రాలు వర్షిత దిగులుగా కూర్చుంటోందని కిరణ్మయే వెళ్లి పాత సామాన్ల దుకాణంలో ఒక టీవీ కొంది. ఇంటికి తెచ్చి ఇవ్వడానికి పేరూ అడ్రసూ అడిగితే తన పేరే ఇచ్చింది. ఇద్దరూ ఒకే రగ్గు కప్పుకుని, అర్థమైనా కాకపోయినా ఏదో ఒకటి చూస్తూ అన్నం తినేవాళ్లు. ఇల్లు వెచ్చబడలేదు గానీ మనసులు కొంచెం వెచ్చబడ్డాయి.

అంతలో మహేంద్ర వీడియో కాల్ చేశాడు. కిరణ్మయికి చిన్నాన్న కొడుకు, ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో ఉంటాడు. లెస్టర్‌లో ఉండి ప్రపంచమంతా లెస్టరే అనుకునే రకం.

"ఏమే, ఎనకాల టీవీ కనపడతాంది. లైసెన్సు తీసుకున్యారా?"

"టీవీకి లైసెన్సేందిన్నా?"

"అయిపోయినారు పో! ఏటా దుడ్లు కట్టి లైసెన్సు తీసుకోకుండా చూస్తే ఇంటికే వస్తారు. కోర్టుకు ఈడుస్తారు. మా రూములో పిల్లోడు ఎట్ల ఏడ్సినాడో నాకు తెలుసు."

"అది ఇంగ్లండులో కదా?"

"ఆడ రాజు ఎవురు? మా రాజే కదా! రాజు ఒకడైతే చట్టమూ ఒకటే. వీసాకి ఎసరు పెట్టుకోవద్దండి."

"సరే, ఇప్పుడు కడతాంలే. ఎట్ల కట్టాల్నో ఫోన్‌లో చూస్తా."

"పిచ్చిదానా, చూస్తే దొరికిపోతావు! ఇన్ని దినాలు కట్టలేదని నువ్వే చెప్పినట్టు కదా. గమ్మున దాచిపెట్టు. ఎవురన్నా వస్తే తలుపు తీయొద్దు."

ఇంత తెలివితక్కువ సలహా వినాలంటే అవతలివాడు అన్న అయి ఉండాలి, విదేశంలోనూ ఉండాలి. మహేంద్రకి రెండు అర్హతలూ ఉన్నాయి. ఆ రోజే టీవీ వార్డ్‌రోబ్‌లోకి వెళ్లింది, దాని మీదికి రగ్గు చేరింది. ఆడపిల్లలిద్దరికీ ఉన్న ఒక్క మందపాటి రగ్గు అదే.

ఆ వారంలోనే ఓనరమ్మ నుంచి మెసేజ్ వచ్చింది. శనివారం వారెంట్ మనిషి వస్తాడు, తలుపు తీయండి, అని.

వారెంట్ అన్న మాట దగ్గరే కిరణ్మయి ఆగిపోయింది. మన వైపు వారెంట్ అంటే మరో అర్థం ఉందా? వాకిట్లో జీపు, పక్కింటివాళ్ల చూపులు, తలవంచుకుని నడిచే మనిషి.

"ఓనరమ్మే పట్టిచ్చింది," అంది ఏడుపు గొంతుతో. "పేరు నాదే కదా, నన్నే పంపిచ్చేస్తారు. మా నాయన చేను అమ్మి పంపినాడే వర్షితా."

"గట్లేం గాదక్కా. తలుపు తీస్తేనే గదా," అంది వర్షిత.

శనివారం రానే వచ్చింది. తలుపు చప్పుడైంది. బయట మగగొంతు గట్టిగా పిలిచింది. ఇంగ్లిష్ పూర్తిగా అంతుబట్టలేదు గానీ అందులో వారెంట్ అన్న మాట మాత్రం శుభ్రంగా వినబడింది. ఇద్దరూ వంటగదిలో నేల మీద ఒదిగి కూర్చున్నారు. దగ్గు వినబడకుండా వర్షిత చున్నీ నోట్లో కుక్కుకుంది. అతను కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. తర్వాతి వారమూ వచ్చాడు, అలాగే వెళ్లిపోయాడు. మొండివాడు.

ఈలోగా వర్షిత దగ్గు ముదిరింది. చిన్నప్పటి నుంచీ ఆయాసం ఉన్న పిల్ల. ఇంటి నుంచి తెచ్చుకున్న ఇన్‌హేలర్ అయిపోయింది.

"డాక్టరు దగ్గరికి పోదాం పా."

"ఏం వద్దక్కా. తగ్గుతది. పొద్దుగాల్నే నయమనిపించింది."

కిరణ్మయి నమ్మింది. అలా నమ్మితే ఏ ఆఫీసుకీ వెళ్లి పేరూ అడ్రసూ చెప్పే పని ఉండదు, అందుకే నమ్మింది. భయం మనుషుల్ని చెడ్డవాళ్లను చేయదు గానీ, కళ్లు మాత్రం మూసేస్తుంది.

ఆ పై శనివారం పొద్దున టీ తీసుకుని గదిలోకి వెళ్లేసరికి వర్షిత మంచం అంచున, మోకాళ్ల మీద చేతులు ఆనించి కూర్చుని ఉంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెదవులు నీలంగా ఉన్నాయి. "అ..." అంది, తర్వాతి అక్షరం రాలేదు.

టీ గ్లాసు ఎక్కడ పెట్టిందో కిరణ్మయికి తెలియదు. ఫోన్ కోసం వెతుకుతుంటే తలుపు చప్పుడైంది. మళ్లీ అదే గొంతు, అదే మాట.

వర్షిత తల అడ్డంగా ఊపింది. తీయొద్దని చేత్తో సైగ చేసింది.

కిరణ్మయి ఒక్క క్షణం స్నేహితురాలి వైపు చూసింది. అంతే. వార్డ్‌రోబ్ తెరిచి, టీవీని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రొమ్ముకు హత్తుకుని, పరుగున వెళ్లి తలుపు తీసింది. బయట పసుపు జాకెట్ వేసుకున్న పెద్ద మనిషి, చేతిలో నిచ్చెన.

"సర్, ఈ టీవీ నాది," అంది తనకు వచ్చిన ఇంగ్లిష్‌లో, ఏడుస్తూ. "లైసెన్సు కట్టలేదు. తప్పు నాదే, ఆ అమ్మాయి పేరు రాయకండి. నన్ను తీసుకుపోండి, మా దేశానికి పంపించేయండి. కానీ ముందు మీ బండిలో దాన్ని ఆసుపత్రికి చేర్చండి. ఊపిరి ఆడటం లేదు సర్."

అతను నోరు తెరిచి చూశాడు. టీవీ సంగతి అతనికి అర్థమైందో లేదో గానీ చివరి మాట అర్థమైంది. నిచ్చెన గడ్డి మీద పడేసి లోపలికి నడిచాడు. వర్షితను రెండు చేతుల మీద ఎత్తి వ్యాన్‌లో కూర్చోబెట్టాడు. దారంతా ఫోన్‌లో ఆసుపత్రి వాళ్లతో మాట్లాడుతూనే ఉన్నాడు. కిరణ్మయి ఒళ్లో టీవీ అలాగే ఉండిపోయింది. దాన్ని దించాలన్న ధ్యాస ఎవరికీ లేదు.

గండం గడిచిందని నర్సు వచ్చి చెప్పాక, వరండాలో అతను ఆమె పక్కన కూర్చున్నాడు. పేరు గ్రాంట్ అన్నాడు.

"నువ్వు నన్ను ఎవరనుకున్నావమ్మా?"

ఆమె చెప్పింది. అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆపుకున్నాడు.

"నా చిన్నప్పుడు మా అమ్మ కూడా లైసెన్సు వాళ్లు వస్తే టీవీ మీద దుప్పటి కప్పేది. ఆ లైసెన్సు ఎత్తేసి పాతికేళ్లు దాటింది. ఇప్పుడు ఈ దేశంలో టీవీకి ఎవరూ ఏమీ కట్టరు."

"మరి వారెంట్?"

"ఇక్కడ కారు బాగుందని ఏటా ఇచ్చే కాగితాన్ని వారెంట్ అంటాం. ఇంటికి ఇచ్చే కాగితాన్నీ అలాగే అంటాం, నేను చూసేది ఇళ్లు. ఇల్లు మనుషులు ఉండేలా ఉందా, తేమ ఉందా, వెచ్చగా ఉందా అని. మీ ఓనరు పంపింది మీ హీటర్ మార్చడానికే. కొత్తది వ్యాన్‌లో ఉంది. మూడు వారాలుగా వ్యాన్‌లోనే తిరుగుతోంది."

కిరణ్మయి ఆ మూడు వారాలూ లెక్కపెట్టుకుంది. తలుపు తీసి ఉంటే ఇల్లు వెచ్చబడేది. ఇద్దరూ నేల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి, వెచ్చదనాన్ని వాకిట్లోంచే వెనక్కి పంపారు. మహేంద్రను తిట్టాలనిపించింది గానీ, గడియ మీద చెయ్యి వేయకుండా ఆగింది తనే కదా.

లోపలికి రమ్మన్నారు. వర్షిత ముఖం మీద ఆక్సిజన్ మాస్క్ ఉంది. కిరణ్మయి కనబడగానే ఆమె దాన్ని పక్కకు జరిపి, నర్సు చూసేలోగా గబగబా అడిగింది.

"నిన్ను తీస్కపోతలేరా అక్కా?"

"లేదే. ఎవురూ తీసుకపోరు. తర్వాత చెప్తా, నువ్వు మాట్లాడొద్దు."

వర్షిత కళ్లు మూసుకుంది. కనుకొలకుల్లోంచి నీళ్లు చెవుల్లోకి జారాయి.

"మూడు దినాల సంది ఊపిరి ఆడలే అక్కా. చెప్తే నువ్వు దవాఖానకు ఫోన్ జేస్తవు. వాళ్లు ఇంటికొస్తరు, టీవీ చూస్తరు, నిన్ను పంపిచ్చేస్తరు. నువ్వు లేకుంట నేనీడ ఎట్ల ఉండాలె? అందుకే చెప్పలే."

కిరణ్మయి మాస్క్‌ని మళ్లీ ఆమె ముక్కు మీద సరిగ్గా ఉంచింది. "ఇంకోసారి నా కోసం ఊపిరి దాచిపెట్టినావంటే సంపుతా," అంది, మంచం మీద తల ఆనించి, గట్టిగా ఏడ్చింది.