ఏ గీత సార్?

నేను ఒక స్పైరల్ పుస్తకాన్ని. నూట పన్నెండు పేజీలు, పైన ప్లాస్టిక్ అట్ట, ఒంటి నిండా తప్పులు. అవి పుట్టుకతో వచ్చినవి, నేను తెచ్చుకున్నవి కావు. తాము చేసిన తప్పును ఇంకొకరి ఒంటి మీద చూడటం మనుషులకు మహా ఇష్టం. కాగితాన్ని అందుకే కనిపెట్టి ఉంటారు.

అమీర్‌పేటలో ఒక సందు. కింద యాదగిరి డీటీపీ, జిరాక్స్ దుకాణం. పైఅంతస్తులో మురహరి సార్ కోచింగ్ సెంటర్. ఒక ప్రోగ్రామ్ అడిగితే ఇంకో ప్రోగ్రామ్ జవాబు చెప్పేలా రాయడం అక్కడ నేర్పుతారు. దాన్నే వెబ్ ఏపీఐ అంటారు. సార్‌కు రాసే ఓపిక లేదు. పాఠాలు ఫోన్లో చెప్పి వాయిస్ మెసేజ్‌లుగా కిందికి పంపేవాడు. యాదగిరి దగ్గర పనిచేసే సబిత అవి విని టైప్ చేసేది. ఇంటర్ మొదటి ఏడాదితో చదువు ఆగిన మనిషి. టేబుల్ కింద చాప మీద ఆమె రెండేళ్ల కూతురు. పాప దగ్గితే టైపింగ్ ఆపి నుదురు ముట్టుకునేది. దగ్గకపోతే ఇంకా భయపడి ముట్టుకునేది. పాపతో రానిచ్చే దుకాణం ఆ సందులో అదొక్కటే.

అలా పుట్టాను. నాతో పాటు నలభై మంది కవలలు.

నేను హారిక అనే విద్యార్థిని చేతిలో పడ్డాను. నా పదకొండో పేజీ చూసి రాసిన ప్రోగ్రామ్ ఎవరికీ నడవలేదు. హారిక నన్ను తిట్టి, నాతో ఒక దోమను చంపింది. నా వల్ల జరిగిన మొదటి సరైన పని అదే. సార్ నన్ను ఆమె చేతిలోంచి లాక్కుని, మెట్లు దిగి వచ్చి కౌంటర్ మీద విసిరాడు.

"ఏంటయ్యా యాదగిరీ ఇది? ఐటమ్‌కీ ఐడీకీ మధ్య కింద గీత, అదే అండర్‌స్కోర్, ఉండాలి. ఈవిడ అడ్డుగీత కొట్టింది. అడ్డుగీత చూస్తే కంప్యూటర్ తీసివేత అనుకుంటుంది, ఐటమ్‌లోంచి ఐడీని తీసెయ్యమన్నారని. క్లాసులో పరువు పోయింది."

"మీరు గీత అన్నరు సార్," అంది సబిత.

"ఏ గీతో చదువుకున్నవాళ్ళకి తెలుస్తుందమ్మా. నువ్వు సందు చివర టిఫిన్ సెంటర్ గీత అనుకున్నావేమో."

యాదగిరి కూడా నవ్వాడు. గిరాకీ నవ్వితే నవ్వాలి కదా.

"సోమవారం కొత్త బ్యాచ్. తప్పులు ఈవిడవైతే ఈవిణ్ణి మార్చు. లేదంటే నేను దుకాణం మారుస్తా."

సార్ మెట్లెక్కాక యాదగిరి గొంతు తగ్గించాడు. "సోమవారం దాకా చూస్త చెల్లె. తప్పులు నీవే అయితే ఇంక రాకు. నన్నేం అనకు."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. చూడాలనీ ఉంది. నా వంకరల్లో ఆమె చేతి పనీ ఉంది మరి. ఏడవలేదు. నన్ను మొదటి పేజీ దగ్గర తెరిచి, ఎర్ర పెన్ను మూత తీసింది.

మూడు మధ్యాహ్నాలు, గిరాకీ లేని వేళ, దుకాణంలోని రెండో కంప్యూటర్ మీద నా ప్రతి పాఠాన్నీ ఉన్నది ఉన్నట్టు కొట్టి నడిపింది. ఆగిన చోట కంప్యూటర్ ఇంగ్లీషులో తిట్టేది. ఆ తిట్టు ఆమెకు సగమే అర్థమయ్యేది. తప్పు ఎన్నో లైనులో ఉందో చెప్పే అంకె మాత్రం పూర్తిగా అర్థమయ్యేది. వెంటనే సార్ వాయిస్ మెసేజ్ మళ్ళీ వినేది. ఏడో పేజీలో ఆయన బ్రాకెట్ తెరిచి మూయలేదు. ఇరవయ్యో పేజీలో 'ఐటమ్స్' అన్న చిరునామా తర్వాతి పేజీలో 'ఐటమ్' అయింది. ఆ ఒక్క 'స్' లేక చిరునామా దొరకలేదంది కంప్యూటర్. ముప్పై రెండో పేజీలో పాఠం మధ్యలో ఎవరినో టీ తెమ్మని, తిరిగొచ్చి రెండు లైన్లు మింగేశాడు. దొరికిన చోటల్లా పెన్ను నన్ను గీరింది. నొప్పి పుట్టిందని ఎవరికి చెప్పుకోను?

సోమవారం సార్ దిగి వచ్చాడు. వెనక మెట్ల మీద నోట్సు కోసం కొత్త బ్యాచ్, సరైన నోట్సు కోసం పాత బ్యాచ్. సబిత పాపను చంకనేసుకుని నన్ను ఆయన ముందు పెట్టింది.

"మొత్తం ముప్పై ఒకటి సార్. అడ్డంగ కొట్టేసినయి తొమ్మిది, అవి నావి. కింద గీత ఉన్నయి ఇరవై రెండు. అవి మీవి. మీ మాటలు ఫోన్ల ఉన్నయి, వినిపిస్త."

మెట్ల మీద హారిక గొంతు కాబోలు, కిసుక్కుమంది. సార్ పేజీలు తిప్పాడు.

"పదకొండో పేజీ నీ లెక్కలోనే ఉందే?"

"నా లెక్కలనే వేసుకున్న. ఏ గీత అని అడగకపోవుడు నా తప్పు."

"ఇవన్నీ చిన్న చిన్నవే కదమ్మా."

"చిన్నయే సార్. పదకొండో పేజీది గూడ చిన్నదే."

ఈసారి యాదగిరి నవ్వలేదు. సార్ వంక చూడకుండా, "కూసో చెల్లె, పాపను దించు," అన్నాడు.

కొత్త పుస్తకం వచ్చింది. అట్ట మీద 'సవరించినవారు: మురహరి' అని ఉంది. నేను ఆశ్చర్యపోలేదు. నన్ను చిత్తుకాగితాల సంచిలో వేశారు. సబిత బయటికి తీసి కీబోర్డు పక్కన పెట్టుకుంది, ప్రేమతో కాదు, సాక్ష్యానికి.

ఇప్పుడు కొత్త పాఠాలు వస్తున్నాయి. 'గీత' అన్న మాట వినపడగానే ఆమె ఇయర్‌ఫోన్ లాగేసి, మెట్ల దగ్గరికి వెళ్ళి, క్లాసంతా వినేలా అడుగుతుంది.

"ఏ గీత సార్?"

పైన పాఠం ఆగుతుంది. ఏదో గొణుగుడు.

"వినపడలే సార్."

"కింద గీత."

మనుషుల మీద నాకు మంచి అభిప్రాయం లేదు. అయినా ఆ మాట ఆయన నోట రోజుకు నాలుగుసార్లు వినడానికి, ఈ తప్పుల ఒంటితోనే ఇంకొన్నాళ్ళు ఉండగలను.