ఆరో నంబరు సీసా

మా తోడికోడలు నా మందుల్ని కావాలనే చంపేస్తోందని నాకు గట్టి అనుమానం.

ఇద్దరం ఒకే ల్యాబులో పనిచేస్తున్నాం. వైరస్‌ను ఆపే అణువులో క్లోరిన్ తీసి ఫ్లోరిన్ పెట్టి, దాని తోక పొడిగించి, మరింత గట్టి మందు చేయాలని చూసేది నేను. వైరస్ సోకిన కణాల మీద దాన్ని పరీక్షించేది తను. కంప్యూటర్లో నా ఐదు అణువులూ తాళంలో తాళంచెవిలా కుదిరాయి. తన చేతికి వెళ్లాక మాత్రం ఐదూ వరసగా తుస్సుమన్నాయి.

"పనిచెయ్యలేదక్కా" అనేది, ఎంతో బాధపడుతున్నట్టు. అత్తగారు నన్ను మెచ్చుకున్నప్పుడు కూడా సరిగ్గా అదే మొహం పెడుతుంది. చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

ఆరోది కూడా పోతే నా ప్రాజెక్టు మూసేస్తానన్నాడు డైరెక్టరు. ఇక తాడోపేడో తేల్చుకోవాలనుకున్నాను. ఆరో నంబరు సీసాలో నా అణువు పోయలేదు. ఎప్పటినుంచో వాడుకలో ఉన్న, ఆ వైరస్‌ను కచ్చితంగా ఆపే పాత మందు పోశాను. దాన్ని కూడా పనిచెయ్యలేదంటే దొంగ దొరికినట్టే.

మూడు రోజులు తన అద్దాల గది ముందు ఏదో పనున్నట్టు తచ్చాడాను. లోపల తను తలెత్తకుండా కణాలు పెంచే పళ్లేలు చూసుకుంటోంది. అంతా నటన అనుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది.

"అక్కా, పనిచేసింది! నమ్మలేక మూడుసార్లు చూశా. డైరెక్టరుగారికి కూడా చెప్పేశా!"

మెల్లగా తన చేతులు విడిపించుకున్నాను.

"మరి ఆ ఐదూ ఎందుకు పోయాయి?" అన్నాను.

"ప్రతి రిపోర్టు కిందా రాశాగా అక్కా. చదవలేదా?"

చదవలేదు. 'పనిచేయలేదు' అన్న మొదటి వరస దగ్గరే పళ్లు నూరుతూ మూసేసేదాన్ని. సొరుగులోంచి తీసి చూశాను. ఐదింటి కిందా గుండ్రటి అక్షరాల్లో ఒకటే మాట: 'మందు కణం లోపలికి పోతున్నట్టు లేదు. తోక కాస్త కత్తిరించి చూడు అక్కా.'

సిగ్గుతో చచ్చిపోయాను. వరండాలో డైరెక్టరు అందర్నీ కేకేసి పిలుస్తున్నాడు. తను నా చెయ్యి పట్టుకుని లాగుతోంది.

"రా అక్కా, ఈసారి ఏం మార్చావో నువ్వే చెప్పాలి."

"సీసా మార్చాను" అన్నాను.

జోకనుకుని నవ్వింది. తర్వాత నా మొహం చూసి, చెయ్యి వదిలేసింది.