మోచేతి దారం

ఆదివారం పొద్దున బియ్యం కడుగుతుండగా మా హెడ్మాస్టర్ రాంచందర్ సార్ ఫోన్ చేశారు. నా చేతులు తడిగా ఉన్నాయని శ్రావణ్ ఫోను నా చెవి దగ్గర పట్టుకున్నాడు. కొత్తగా పెళ్లైనదాన్ని కదా, అతను ఫోను పట్టుకున్నా నాకు పండగే.

"నిషితమ్మా, మన ఏడో తరగతి ప్రాజెక్టు సంగారెడ్డిలో జిల్లా ప్రదర్శనకు సెలెక్టయింది," అన్నారు సార్.

నేను గంతేయబోయి గిన్నెలో నీళ్లు శ్రావణ్ చొక్కా మీద ఒలకబోశాను. అతను తడి చొక్కాతోనే నవ్వుతూ నిలబడ్డాడు. ఆ నవ్వు కోసం ఇంకో గిన్నె కూడా పోయవచ్చు.

మా బడి భానూర్ దగ్గర. కొలతల పాఠాన్ని బోర్డు మీద చెప్పే బదులు ఈసారి పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చాను. మీ ఇంట్లో వంటగట్టు ఎవరి ఎత్తుకు కట్టారు? జవాబు పుస్తకంలో లేదు, మీరే వెతుక్కోవాలి అన్నాను. అందరి ఇళ్లలో టేపు ఉండదని దారం సంగతి పిల్లలే కనిపెట్టారు. అమ్మ చెయ్యి మడిచి నిలబడితే మోచేతి నుంచి నేలదాకా ఎర్ర దారం. గట్టు అంచు నుంచి నేలదాకా తెల్ల దారం. రెంటినీ జతగా ముడేసి తరగతిలో తాడుకు వేలాడదీశారు. ఏ జతా కుదరలేదు. ఎందుకని మేస్త్రీలనే అడిగి వచ్చారు. ఇంటి యజమానిని గోడ పక్కన నిలబెట్టి, ఆయన నడుము చూసి ఇటుకపెళ్లతో గీత గీస్తారట. ఆ గట్టు ముందు ఎన్నడూ నిలబడని మనిషి నడుము. ఆ తర్వాత అట్టలు కోసి, ఎవరి అమ్మకు తగ్గ గట్టు నమూనా వాళ్లు తయారుచేశారు.

రవళి ఒక్కతే వాళ్ల నాన్న కొలత తెచ్చింది. పిల్లలంతా నవ్వారు. "అమ్మకు కంపెనీల సెకండ్ షిఫ్టు, టీచర్. పొద్దుగూకితే బాపే వండుతడు. మరి ఎవరి దారం తేవాలె?" అంది. ఆ జతను తాడుకు నట్టనడుమ కట్టాను.

ఆ ప్రశ్న నాకు ఊరికే తట్టలేదు. బొంతపల్లిలో మా ఇంటికి గ్యాసుపొయ్యి వచ్చిన ఏడు, అమ్మ పొలానికి పోయిన పూట బాపు షాబాదు బండతో గట్టు వేయించాడు. సాయంత్రం అమ్మ వచ్చి చూస్తే అది ఆమె రొమ్ముదాకా ఉంది. "మంచిగనే ఉంది," అంది. మర్నాటినుంచి పీట మీద నిలబడి వండింది. నేను గట్టు మీద ఒక మూల కూర్చుని ఎక్కాలు చదివేదాన్ని. పోపు చిటపటల్లో ఏడో ఎక్కం దగ్గర తప్పుపోతే అమ్మ గరిటెతో నా మోకాలి మీద తట్టేది. పీట ఎక్కితేనే మా ఇద్దరి ముఖాలూ ఒక ఎత్తుకు వచ్చేవి. అందుకే నాకు ఆ పీటంటే ఇష్టం. పెద్దయ్యాక అది కాళ్లకు తగిలినప్పుడల్లా విసుక్కున్నాను. అప్పగింతల రోజు మంచినీళ్లకని వంటింట్లోకి పోతే పీట ఖాళీగా ఉంది. దాని మీద రెండు పాదాల మేర చెక్క అరిగి నున్నగా మెరుస్తోంది. అమ్మ అన్నేళ్లు ఎక్కడ నిలబడిందో అప్పుడు చూశాను. పెళ్లి చీరలో, ఆ పీట మీద ఎక్కి ఒక్క నిమిషం నిలబడ్డాను కూడా.

అన్నాల దగ్గర నా ప్రాజెక్టే ముచ్చట. దారాలు ముడేస్తున్నన్నాళ్లూ "లెక్కల టీచర్‌వా, దర్జీవా?" అని ఏడిపించిన శ్రావణ్ ఇవాళ వాళ్ల నాన్నకు అంతా విడమరిచి చెప్పాడు. అమీన్‌పూర్‌లో మా కొత్త ఇల్లు లేస్తోంది. వంటగట్టు పోసేది రేపే. కొలత ఇవ్వడానికి పెద్దరాములు మేస్త్రీ మామయ్యనే రమ్మన్నాడు.

"ఇగ నేనెందుకు?" అన్నాడు మామయ్య. "కోడలి కొలతనే పెడ్దాం. జిల్లాకు పోతున్న కొలత గది."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏ మగవాడూ గోడ పక్కన నిలబడకుండా లేచే గట్టు. అత్తమ్మ పూలు కట్టే దారపుండ తెచ్చి, "చెయ్యి మడువు బిడ్డా," అంది. మోచేతి నుంచి నేలదాకా వదిలి, తెంపి, ముడేసి నా చేతిలో పెట్టింది. నా బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది.

"నా జన్మంత నడుం వంగిపాయె. నీకు గట్ల కావద్దు. ఇగ ఆ పొయ్యి కాడ జిందగీ అంత నిలవడేది నువ్వే గదా."

ఆమె ప్రేమగానే అంది. మామయ్య తలూపాడు. శ్రావణ్ అప్పడం విరిచాడు. ఎవరికీ అందులో ఏమీ వినిపించలేదు. నా చేతిలో దారం మాత్రం బరువెక్కింది. అమ్మకు తప్పు కొలత పెట్టారని ఇన్నాళ్లూ బాధపడ్డాను. సరైన కొలత పెట్టినా పీట మీద ఆ రెండు పాదాలు నావే అవుతాయని తట్టలేదు. తాడు నడుమ వేలాడుతున్న రవళి నాన్న దారం గుర్తొచ్చింది.

"పొయ్యి కాడి గట్టు శ్రావణ్ కొలతకు పోయిద్దాం అత్తమ్మా," అన్నాను. "కూరగాయలు కోసే పక్క నా ఎత్తుకు చాలు."

అత్తమ్మ కొడుకును కింది నుంచి పైదాకా చూసింది. "కంచంల పెట్టే చెయ్యి తప్ప వీనికి ఇంకో చెయ్యి ఉన్నట్టు నేనెన్నడు సూడలే," అంది. మామయ్యకు పొలమారింది.

"నాకు వంట రాదు గదా నిషితా," అన్నాడు శ్రావణ్, మెల్లగా.

"నా క్లాసుల పిల్లలకు కూడా ముందుగాల ఏం రాలే. చేసుకుంట నేర్చుకున్నరు."

అతను నవ్వలేదు. అప్పడం కింద పెట్టి, ఆలోచిస్తూ నావైపు చూశాడు. పొద్దుటి బియ్యపు నీళ్ల మరక చొక్కా మీద ఇంకా ఉంది. నేను దారపుండ తీసి నా సంచిలో వేసుకున్నాను.

"రేపు పొద్దుగాల మేస్త్రీ రాకముందే పోదాం. దారం నేను తెస్త. నువ్వు మోచెయ్యి తీసుకరా."