కప్పకు పోసిన నీళ్లు

బియ్యం కడిగిన నీళ్లు కూడా పారబోయకుండా గిన్నెలోకి పట్టి దాచుకునే కాలంలో నేనొక కప్పను పెంచాను. ఆ సంగతి తలచుకోగానే మా ఆయన రాఘవేందర్ గొంతు వినిపిస్తుంది నాకు. "మనుషులకే తాగనీకి నీళ్లు లెవ్వంటే, మా ఇంటామె కప్పకు తానం పోస్తుంది." నలుగురు కూర్చున్నప్పుడు ఈ మాట అనడం ఆయనకు సరదా. వాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. కోడలు నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారు, నవ్వితే సిగ్గు లేదంటారు. రెండింట్లో నవ్వడమే తక్కువ పని. అసలు ఆ నీళ్లు ఎవరి నోటి దగ్గరివీ కావు. బోరింగు దగ్గర వరసలో నిలబడి, అరచేతులు కాయలు కాసేలా కొట్టి, బిందె చంకన పెట్టుకుని తెచ్చేది నేను. ఆ నీళ్లతో వంట అయి, అత్తమ్మ స్నానం అయి, ఆయన గడ్డం గీసుకుని, మా అమ్మాయి శిల్ప బడికి తయారయ్యాక మిగిలినవి నాకు. అందులో నుంచి రెండు చెంబులు తగ్గించుకుని కప్పకు పోసేదాన్ని. నేను ఎన్ని చెంబులతో స్నానం చేస్తానో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, అందుకని ఎవరికీ ఏ లోటూ రాలేదు.

మాది ధరూర్ దగ్గర ఊరు. కృష్ణ పక్కనే పారుతుందని పేరే గాని, మా ఎత్తు పొలాలకు ఆ నీళ్లు ఎక్కవు. రెండు వేల మూడులో పొలం బోరు ఎండిపోతే పైపులన్నీ పీకించి ఇంటి వాకిట్లో పడేశారు. ఒక పైపులోంచి ఈ కప్ప బయటికి దూకింది. శిల్ప కెవ్వుమంది. అత్తమ్మ ఈదమ్మ చీపురు అందుకుంది. నేను వంగి పట్టేసుకున్నాను. బొటనవేలు మెడ వెనక, వెనక కాళ్లు చాపి, అరచేతిలో నిమ్మళంగా ఇమిడేట్టు. వనపర్తి కాలేజీలో బీజెడ్సీ చదివిన చేయి అది. పదేళ్లుగా పిండి పిసకడం, పిడకలు కొట్టడం, బళ్లో సుద్దముక్క పట్టడం తప్ప వేరే పని లేని చేయి ఆ పట్టును మరచిపోలేదు. ఆ చేతిని చూసి నాకే ముచ్చటేసింది.

కాలేజీలో నేను కప్పలను కోశాను. మత్తు దూదితో సీసాలో పెట్టి, మైనపు ట్రే మీద నాలుగు కాళ్లకూ గుండుసూదులు గుచ్చి, పొట్ట కత్తిరిస్తే గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉండేది. అంత చిన్న గుండె అంత పట్టుదలగా కొట్టుకోవడం ఎంతసేపైనా చూస్తుండిపోయేదాన్ని. నా రికార్డులో బొమ్మలు చూసి క్లాసంతా వేసుకునేది. ఎమ్మెస్సీ చదువమ్మా అని మేడం అన్నది. పెళ్లిచూపుల్లో అత్తమ్మ, "జొన్నరొట్టె చేయొస్తదా బిడ్డా?" అని అడిగింది. బీజెడ్సీ అంటే ఏమిటని ఎవరూ అడగలేదు. కప్పను పెంచే నాటికి మా ఊరి బళ్లో విద్యా వలంటీరును. వంటమనిషి రాని రోజు హెడ్మాస్టర్ నన్నే పిలిచేవాడు. "మేడం, జర ఉల్లిగడ్డలు కోసిపెట్టున్రి, పిల్లలు ఆకలిగున్నరు." ఇద్దరు మగ సార్లు ఉండేవాళ్లు, వాళ్లకు ఉల్లిగడ్డ ఘాటు పడదట.

మేత లేక బర్రెను అమ్మేసిన తర్వాత కుడితి గోలెం ఖాళీగా పడి ఉంది. దాన్ని కడిగి, సగానికి తక్కువగా నీళ్లు పోసి, ఒక బండముక్కను ఏటవాలుగా ఆనించాను. ఇది పూర్తిగా నీళ్లలో ఉండే రకం కాదు, నేల మీద తిరిగే రకమూ కాదు. ఒళ్లంతా నీళ్లలో ఉంచి కళ్లు రెండే పైన పెట్టుకుని చూస్తుంది, విసుగొస్తే బండ ఎక్కి కూర్చుంటుంది, అలికిడైతే నీళ్ల మీద చిందులేసుకుంటూ పోతుంది. దానికి రెండూ కావాలి. శిల్ప దానికి బుడ్డది అని పేరు పెట్టింది. ఇద్దరం కలిసి ఈగలు పట్టి వేసేవాళ్లం. బడి నుంచి వచ్చి, పొయ్యి ముట్టించే ముందు కాసేపు గోలెం పక్కన కూర్చునేదాన్ని. ఆ కాసేపు నన్ను ఎవరూ ఏమీ అడగకపోతే బాగుండునని ఉండేది. ఆ ఇంట్లో ఎవరి కోసమో కాకుండా నాకు కావాలని నేను పెట్టుకున్నది అదొక్కటే.

మృగశిర వట్టిదే పోయింది. ఆరుద్ర కూడా సగం గడిచింది. పొడి దుక్కిలో వేసిన పత్తి విత్తనాలు భూమిలోనే మాడిపోయాయి. ఇక కప్పతల్లిని తిప్పుదామని ఊరి ఆడవాళ్లు అనుకున్నారు. రోకలి నడుమ కప్పను కట్టి, వేపమండలు కట్టి, పిల్లలు భుజాన మోస్తూ ఇంటింటికీ పోతే, ఇంటివాళ్లు కప్ప మీద నీళ్లు పోసి మొక్కి, ఇంత బియ్యం పెడతారు. అప్పుడు వాన వస్తుందని నమ్మకం. అయితే తిప్పడానికి ఊళ్లో కప్పే దొరకలేదు. బావులన్నీ ఎండిపోతే కప్పలు ఎక్కడ ఉంటాయి? పక్కింటి బాలమణి వచ్చి వాకిట్లో నిలబడింది.

"పద్మక్కా, ఊరంత ఎతికినం. నీ గోలెంల ఉన్నదొక్కటే."

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. "దానికేంది, తీస్కపోన్రి."

"మల్ల ఇంటికి తెస్తరా అత్తమ్మా?" అన్నాను.

"తెస్తం తియ్యి. ఒక్క పూట పని."

గద్వాలలో ఆయనకు విత్తనాల దుకాణం. గిరాకీ లేక ఈగలు తోలుకుంటున్న చిరాకు ఆయనది. "ఊరంత ఒక దిక్కు, నువ్వొక్కదానివి ఒక దిక్కా? కప్పనే గదా," అన్నాడు. శిల్పేమో తన బుడ్డది దేవుడవుతుందని గంతులేస్తోంది, రోకలి ఒక కొస తానే పడతానంటోంది. నేనే నా చేతులతో దాన్ని గోలెంలోంచి తీసి ఇచ్చాను.

పసుపు పూయబోతుంటే వద్దన్నాను. "అత్తమ్మా, దాని తోలు ఊపిరి తీసుకుంటది. పసుపు వెడ్తే ఊపిరాడదు."

"తోలుతోని ఊపిరంట! సదివి సదివి గిట్లైంది," అని అత్తమ్మ నవ్వి, అందరినీ నవ్వించి, నిండా పసుపు పూసింది.

తడిగుడ్డతో రోకలికి కట్టారు. కాళ్లు చాపి, పొట్ట పైకి. మంచి కాలంలో అయితే ప్రతి వాకిట్లోనూ బిందెలు బిందెలు కుమ్మరిస్తారు, కప్పకు స్నానమే. ఆ ఏడు ఎవరి దగ్గర నీళ్లు ఉన్నాయి? వేళ్లు ముంచి నాలుగు చుక్కలు చిలకరించి దండం పెట్టుకున్నారు. రెండు వీధులు తిరిగేసరికి గుడ్డ ఎండిపోయింది, దాని తోలు ముడతలు పడుతోంది. నేను ఇంటికి పరుగెత్తి నా వాటా నీళ్లు బిందెడు చంకనేసుకుని వచ్చాను. చెప్పులు కూడా వేసుకోలేదు. రోకలి పక్కనే నడుస్తూ, కొంగు తడిపి పిండుతూ, పిండుతూ ఊరంతా తిరిగాను. పసుపు కొంచెం కొంచెంగా కరిగి కారిపోయింది. అరికాళ్లు కాలుతున్నాయి. ఆడవాళ్లు పాట ఆపి నన్నే చూస్తున్నారు.

"ఈదక్కా, నీ కోడలికి ఎంత భక్తి ఉన్నదే!" అంది ఎవరో.

"మా పద్మజ అంతే," అంది అత్తమ్మ. పెళ్లయినప్పటి నుంచి ఆమె నోట నా పేరు ముందు 'మా' వినడం అదే మొదటిసారి.

ఊరి చివర వాగు దగ్గర కట్లు విప్పారు. వాగులో ఇసుక తప్ప ఏమీ లేదు. కప్ప బతికే ఉంది, గొంతు కింద కొట్టుకుంటోంది. దాన్ని చేతుల్లోకి తీసుకుని ఇంటి దారి పట్టబోతే అత్తమ్మ మోచేయి పట్టుకుంది.

"దేవునికిచ్చినదాన్ని మల్ల ఇంటికి తెస్తరా? ఈడ్నే ఇడిసి, ఎనకకు సూడకుంట రావాలె."

"తెస్తమంటిరి గదా అత్తమ్మా."

"అట్ల అనకుంటె నువ్వు ఇస్తుంటివా?" అంది మెల్లగా. "నలుగుట్ల నా పరువు తియ్యకు."

అప్పటికి ఇంకా అందరూ నన్ను మెచ్చుకుంటూనే ఉన్నారు. నేను ఒక రాయి నీడన గుంట చేసి, బిందెలో మిగిలిన నీళ్లన్నీ పోసి, కప్పను అందులో దించాను. నేను నిలబడి ఉండగానే ఇసుక ఆ నీళ్లను తాగేసింది. ఖాళీ బిందె పట్టుకుని వాళ్ల వెనక ఇంటికి నడిచాను. ఇంటింటా అడిగిన బియ్యంతో మా వాకిట్లోనే వండాలి కదా. గంటె తిప్పుతూ, ఇది దించగానే వెళ్దాం, వాళ్లకు వడ్డించగానే వెళ్దాం అనుకుంటూనే పొద్దు గూకింది. తెల్లారి బడికని బయల్దేరి ముందు వాగుకు వెళ్లాను. రాయి పక్కనే ఉంది, గుంట దాటి ఎక్కడికీ పోలేదు. ఎండిన ఆకులాగా అయిపోయి, చీమలు పట్టి ఉంది. అక్కడే కూలబడి ఏడ్చాను. తర్వాత ముఖం తుడుచుకుని బడికి వెళ్లి ఎక్కాలు చెప్పాను. శిల్ప అడిగితే, బుడ్డది వాగు వెంబడి కృష్ణకు పోయిందన్నాను.

ఆ వారంలోనే వాన పడింది. కోడలి చేతి చలవ అని అత్తమ్మ ఊరంతా చెప్పుకుంది. తినేటప్పుడు నా కంచంలో ఆమే కూర వేసింది. విత్తనాలు అమ్ముడుపోయిన సంతోషంలో ఆయన పాలిథిన్ కవర్లో ఒక కప్పను పట్టుకొచ్చాడు. "ఇగో నీ కప్ప. మొకం అట్ల పెట్టుకోకు ఇగ. దానికి దీనికి ఏం ఫరక్?" ఆయన మంచికే తెచ్చాడు, నాకు తెలుసు. దాన్ని తీసుకెళ్లి పొలం కాలవలో వదిలేశాను. నన్ను బాధపెట్టేది ఇంకొకటుంది. ఆ మెచ్చుకోళ్లు నాకు బాగున్నాయి. బోరింగు దగ్గర దారి ఇచ్చేవాళ్లు, నా మాట వినేవాళ్లు. ఒక ప్రాణం పోయాక వచ్చిన మర్యాదను నేను వద్దనలేదు.

మరుసటి ఏడు కూడా ఆరుద్ర పొడిగానే పోయింది. ఆడవాళ్లు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. ఈసారి ఎక్కణ్ణుంచో కప్పను చెంబులో పట్టుకునే వచ్చారు. "నీ చెయ్యి మంచిది పద్మక్కా, నువ్వే నీళ్లు పొయ్యాలె," అంది బాలమణి. నాకంటే ముందే అత్తమ్మ సరేనంది. ఆయన కూడా బండి మీద చెయ్యి వేసుకుని నవ్వుతూ నిలబడ్డాడు. మెట్టు మీద శిల్ప తన స్నేహితురాలికి చెబుతోంది.

"పోయినేడు మా అమ్మ కప్పనే ఇచ్చిండ్రు. అదంటే అమ్మకు ఎంత పానమో తెల్సా? అయినా ఒక్కపారి గూడ వద్దనలే. మంచి ఆడోళ్లు వద్దనరంట, అవ్వ చెప్పింది."

నా చేతిలో చాట ఉంది. కింద పెట్టాను.

"నేను రాను అత్తమ్మా," అన్నాను. "పోయినేడు వాన కోసం నీళ్లు పొయ్యలే. అది సావొద్దని పోసిన. అయినా సచ్చిపోయింది. తెల్లారి పోయి సూసిన నేను."

అత్తమ్మ ముఖం మాడిపోయింది. ఆయన, "ఏం మాటలే ఇవి, గింత మందిల," అన్నాడు. శిల్ప లేచి నా దగ్గరికి వచ్చింది.

"కృష్ణకు వోయిందన్నవు గదనే?"

"అబద్ధం చెప్పిన బిడ్డా."

"మరి ఇష్టం లేకుంటె ఎందుకిచ్చినవ్?"

"భయమయ్యి."

"ఎవరికి భయపడ్డవమ్మా?"

అందరూ అక్కడే ఉన్నారు. నేను ఒక్కొక్కరి పేరూ చెప్పడం మొదలుపెట్టాను.