నాలుగు గీతలు తక్కువ

నేను ఒక దొంగ నాణేన్ని. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. మీతో అంటున్నానంటే, మీ చేతిలో భూతద్దం లేదన్న ధైర్యమే. ఏదో వంతెనకు నూరేళ్ళు నిండాయని ప్రభుత్వం వారు ముచ్చటపడి కొన్ని వంద రూపాయల స్మారక నాణేలు వేశారు. వాటితో ఎవరూ ఉప్పూ పప్పూ కొనరు. డబ్బిచ్చి మరీ డబ్బు కొనుక్కుని, దాన్ని ఖర్చుపెట్టకుండా దాచుకునే జాతి ఒకటి మనుషుల్లో ఉంది. ఆ నాణేలు పుట్టింది వాళ్ళ కోసం. అవి తక్కువై వాళ్ళు ఎక్కువయ్యేసరికి నేను పుట్టాను.

పుట్టింది ఒక రేకుల షెడ్డులో. ఏ ఊరో చెప్పను, భయం. బరువు సరిగ్గా ముప్ఫై అయిదు గ్రాములు కుదిరింది. ముందు సింహాలు, వెనక వంతెన, అన్నీ అచ్చుగుద్దినట్టు వచ్చాయి. అంచు దగ్గరే కొంప మునిగింది. అసలు నాణేనికి అంచు చుట్టూ సన్నటి నిలువు గీతలు రెండు వందలుంటాయి. మా అచ్చు చెక్కేవాడు లెక్కపెట్టుకుంటూ ఉండగా ఫోను మోగింది. మాట్లాడి వచ్చి, ఎక్కడ ఆపాడో మరిచిపోయి, మిగతాది అందాజుగా కానిచ్చాడు. నాకు నూటతొంభై ఆరే వచ్చాయి. అప్పట్నుంచీ ఓపికగా లెక్కపెట్టేవాళ్ళంటే నాకు హడల్. నా అదృష్టం కొద్దీ అలాంటివాళ్ళు లోకంలో తక్కువ.

బెజవాడలో జరిగిన నాణేల ప్రదర్శనలో నన్ను తొమ్మిది వేలు పోసి కొన్నవాడు చీరాల నేతగాడు గోలి మాలకొండయ్య. గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీలో ఉన్నదాన్ని ఉన్నట్టే ఇంటికి తెచ్చుకున్నాడు. వేలిమరక పడితే విలువ పోతుందని సేకరించేవాళ్ళందరికీ ఒక భయం. మూడేళ్ళు నన్ను కాపాడింది ఆ భయమే. నా అంచు డబ్బీ గాడిలో గుట్టుగా దాగి ఉండేది. ఆయన భార్య అంకమ్మ మాత్రం, "చెల్లని బిళ్ళకి చెక్క బీరువా ఒకటి!" అని సణిగేది. ఆవిడ ఊరికే అనేదే కానీ, నేను ప్రతిసారీ ఉలిక్కిపడేదాన్ని.

కిందటేడు తుఫానుకి మగ్గం గుంట నిండా నీళ్ళొచ్చాయి. పడుగు కుళ్ళింది, చెక్కలు ఉబ్బిపోయాయి. మగ్గం మళ్ళీ నిలబెట్టాలంటే పన్నెండు వేలు కావాలి. బాపట్లలో రంగాచార్యులుగారని రిటైరైన పోస్టుమాస్టరు ఉన్నారు, ఆయనకీ ఈ నాణేల పిచ్చే. పన్నెండు వేలకి నన్ను కొంటానని కబురు పెట్టారు. ఆయన వచ్చే రోజు పొద్దున, డబ్బీలోకి చెమ్మ దిగిందేమోనని మాలకొండయ్య మొదటిసారి మూత తీశాడు. దూదితో తుడుస్తుంటే బొటనవేలు అంచుకి తగిలింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పోగులు లెక్కపెట్టిన వేలు ఊరుకుంటుందా? అంచు మీద ఒకచోట పసుపు చుక్క పెట్టి, అక్కణ్ణుంచి మొదలుపెట్టాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

మూడుసార్లు లెక్కపెట్టాడు. మూడుసార్లూ నూటతొంభై ఆరే.

"నాలుగు తక్కువే, అంకమ్మా. మనకి దొంగది అంటగట్టారు."

అంకమ్మ నూలు కండెలు చుట్టడం ఆపింది. "మరి ఆ సారుకి చెప్తావా?"

మాలకొండయ్య గుంట వైపు చూశాడు. అడుగున నీళ్ళు ఇంకా ఇంకలేదు.

రంగాచార్యులుగారు వస్తూనే సంచిలోంచి బుల్లి త్రాసు తీసి నన్ను తూచారు. సరిపోయాను. అయస్కాంతం పెట్టి చూశారు. అంటుకోలేదు. హమ్మయ్య అనుకునేలోగా నన్ను మాలకొండయ్య చేతిలో పెట్టారు.

"షుగరు నా కళ్ళకెక్కిందయ్యా. అంచు గీతలు ఆనట్లేదు. నువ్వు జన్మలో పోగు తప్పనివాడివి. పైకి లెక్కపెట్టు, నేను వింటాను."

"నేనెందుకు లెండి సారూ. ఇంకెవరిచేతన్నా..."

"నీకంటే నమ్మకస్థుడు నాకెవరున్నారయ్యా?"

మాలకొండయ్య లెక్కపెట్టాడు. వంద దాకా గొంతు బాగానే ఉంది. నూట యాభై దాటాక నెమ్మదించాడు. నాకు మాత్రం నిమిషం ఒక యుగంగా ఉంది. నిజం చెబితే నన్ను కరిగిస్తారు. చెప్పకపోతే ఈ పెద్దమనిషి నిండా మునుగుతాడు. నేను కోరుకున్నది నా ప్రాణమే, దాచడమెందుకు? నూటతొంభై ఆరు అన్నాడు. వేలి కిందికి పసుపు చుక్క వచ్చింది. గీతలు అయిపోయాయి. వేలు చుక్క దాటింది.

"నూటతొంభై ఏడు... నూటతొంభై ఎనిమిది..."

ముందు లెక్కపెట్టిన నాలుగు గీతల్నే మళ్ళీ లెక్కపెట్టి, రెండు వందలు చేశాడు. అంకమ్మ తల ఎత్తలేదు. రంగాచార్యులుగారు సంతోషంగా పన్నెండు వేలూ మాలకొండయ్య చేతిలో పెట్టారు.

మగ్గం మళ్ళీ ఆడింది. రెండు నెలలకి మాలకొండయ్య పద్నాలుగు వేలు పట్టుకుని బాపట్ల వచ్చాడు, నన్ను తిరిగిచ్చెయ్యమని. కమ్మలు తాకట్టుపెట్టి అంకమ్మే పంపిందట. ఆవిడకి అన్నం సయించడం లేదట. ఈ సంగతులు రంగాచార్యులుగారితో చెప్పలేదు, గుమ్మంలో తనలో తానే గొణుక్కుంటుంటే నేను విన్నాను. రంగాచార్యులుగారు వేరే లెక్క వేసుకున్నారు. పన్నెండుకి అమ్మినవాడు పద్నాలుగుకి అడుగుతున్నాడంటే, ఇందులో ఏదో మహత్తు ఉండాలి! ఇవ్వనన్నారు. మరుసటి నెల పద్దెనిమిది వేలతో వచ్చాడు.

"లక్షిచ్చినా ఇవ్వనయ్యా!" అన్నారు ఆయన.

నిజం చెప్పి పట్టుకుపోవచ్చుగా అంటారు మీరు. చెప్పబోయాడు. "సారూ, అది..." అని నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే రంగాచార్యులుగారు పక్కనున్న చుట్టంతో, "ఈయన మాటంటే శిలాశాసనం. రెండు వందల గీతలూ నోటితో లెక్కపెట్టి ఇచ్చాడు" అన్నారు. మాలకొండయ్య దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయాడు. మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. నాకు ఊపిరి తిరిగింది, సిగ్గూ వేసింది.

ఇప్పుడు నేను వెల్వెట్ పెట్టెలో, అన్ని నాణేలకీ నడిమధ్య ఉంటున్నాను. ఆయన వీలునామా రాశారు. తన తర్వాత నన్ను అమ్మి, మనవరాలు గోదని పెద్ద చదువు చదివించాలట. పింఛను డబ్బు వేరే కూడబెట్టడం మానేశారు. నేనున్నానుగా అని ధీమా.

ఆదివారాలు తాతయ్య కునుకు తీస్తుంటే గోద నన్ను ఒళ్ళో పెట్టుకుని అంచు మీద వేలు పెట్టి ఆడుకుంటుంది. ఒకటో తరగతి. వంద దాకా తడుముకోకుండా చెబుతుంది. వచ్చే ఏడు రెండు వందల దాకా నేర్పుతారట.