ఏడో డిస్కు

మాట్లాడే పుస్తకాల గ్రంథాలయాన్ని నడిపే ఆవిడకు చూపు లేదు. అనుమానం అనేది అసలే లేదు. డ్రైవులో డిస్కు తిరిగే చప్పుడు విని, అది మంచిదో నాసిదో చెప్పేస్తుంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆ మాట నిజమవుతుంది. పదోసారి సంగతి ఆవిడ ముందు ఎవరూ ఎత్తరు.

అలాంటి మనిషి పొద్దున్నే వదిన చెయ్యి పట్టుకుని డిస్కుల షాపుకు బయల్దేరిందంటే, షాపాయనకు ఆ రోజు మూడినట్టే.

విషయం చిన్నదేమీ కాదు. ఫిజియోథెరపీ నేర్చుకునే చూపులేని విద్యార్థుల కోసం వదిన ఒక లావుపాటి పుస్తకాన్ని నాలుగేళ్లు కూర్చుని ముప్ఫై ఒక్క డిస్కులుగా చదివిపెట్టింది. అక్షరాలు చదివి ఊరుకోలేదు. అందులోని నాలుగు వందల బొమ్మల్ని, ఏ కండరం ఎక్కడ పుట్టి ఏ ఎముకను పట్టుకుందో, చేత్తో తడిమినంత స్పష్టంగా తన మాటల్లో చెప్పింది. ఆ మాటలు ఏ అచ్చు పుస్తకంలోనూ లేవు. కంప్యూటర్‌లో దాచిన కాపీ నిరుడు హార్డ్ డిస్కుతో పాటే పోయింది. మళ్లీ చదవమందామంటే, థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత వదినకు గుసగుస తప్ప గొంతు మిగల్లేదు. ఇప్పుడు ఏడో డిస్కు మొరాయించింది. మిగతా ముప్ఫై కూడా అదే దారి పట్టేలోగా, పది కాలాల పాటు నిలిచే డిస్కులు తెచ్చి వాటిలోకి ఎక్కించాలి.

"పోయినసారి మీరిచ్చిన సరుకు చెత్త!" అంది ఆవిడ షాపు గుమ్మంలోంచే.

"ముందు కూర్చోండి మేడమ్," అన్నాడు షాపాయన. "బంగారు పూత డిస్కులేగా ఇచ్చాను? నా దగ్గర వాటిని మించినవి లేవు."

"పెట్టె మీద పేరు చూసి మురిసిపోమంటారా? లోపలి సరుకు ఎవరు చేశారో డ్రైవులో పెడితే తెలుస్తుంది. డిస్కులోనే తయారుచేసినవాళ్ల కోడు ఉంటుంది, అది చదవండి."

షాపాయన తన దగ్గరున్న కొత్త డిస్కు ఒకటి పెట్టి కోడు చదివాడు. పెట్టె మీదున్న ఫ్యాక్టరీదే. ఆవిడ ఉత్సాహానికి కాస్త గాలి తీసినట్టయింది గానీ, పట్టు మాత్రం సడలలేదు.

"అయితే ఆ ఫ్యాక్టరీయే నాసిరకం."

"డిస్కులోకి రికార్డింగును ఏ స్పీడులో రాశారు మేడమ్?"

"నాకే పాఠాలా? మెల్లగానే రాశాను. రాశాక తప్పులున్నాయేమో పరీక్ష కూడా చేశాను. పెట్టెల్లో నిలబెట్టి, చీకటి బీరువాలో పెట్టాను."

"పైన స్టిక్కర్లేమన్నా అంటించారా?"

"ఇదిగో, మీరే చూసుకోండి," అంటూ ఏడో డిస్కును బల్ల మీద పెట్టింది. అద్దంలా మెరుస్తోంది. మెరవక ఏం చేస్తుంది? దాని మీది లేబులును ఆవిడ నిన్ననే పీకేసి, మెత్తటి గుడ్డతో తుడిచి మరీ తెచ్చింది. షాపాయన దాన్ని సాకుగా పట్టుకుంటాడని ఆవిడ ముందుచూపు.

వదిన డిస్కును తీసి కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టుకుంది.

"తల్లీ," అంది గుసగుసగా, "దీంట్లో చిల్లులున్నాయే. వెలుగు కనిపిస్తోంది."

"విన్నారా!" అని ఆవిడ బల్ల చరిచింది. "పూత నిండా చిల్లులేనట!"

"నిండా కాదు. ఒక్క చోటే. ఎనిమిది చిన్న చుక్కలు."

"ఎలా ఉన్నాయి?"

"కుడిపక్క నిలువుగా మూడు. వాటికి ఎడమపక్కన, కింద ఒకటి. కాస్త ఖాళీ వదిలి, చదరంగా నాలుగు."

వదిన చెబుతుంటే బల్ల మీద ఆవిడ వేళ్లు ఆ చుక్కల్ని వెతుక్కుంటూ కదిలాయి. కదిలి ఆగిపోయాయి. మొదటి నాలుగు చుక్కలూ, అంకె రాబోతోందని చెప్పే గుర్తు. తర్వాతి నాలుగూ కలిపి ఏడు అంకె. అది బ్రెయిలీ. ఆవిడ చేతిరాత.

ప్రతి డిస్కుకూ పలుచటి ప్లాస్టిక్ ముక్క మీద చుక్కలు పొడిచి అంటించింది ఆవిడే. ఊడిపోకూడదని ఒక్కో చుక్కనూ గోటితో గట్టిగా నొక్కి రుద్దింది కూడా ఆవిడే. ముప్ఫై ఒక్కటికీ అంతే.

షాపాయన గొంతు తగ్గించాడు. "కింది వైపు గీతలు పడితే చాలాసార్లు గట్టెక్కొచ్చు మేడమ్. పూత ఉండేది పైవైపే, వార్నిష్ కింద. వెంట్రుక మందం కూడా ఉండదు. జిగురు దాన్ని తినేస్తుంది. నొక్కితే చిట్లుతుంది. పీకితే ఊడొస్తుంది."

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. "వదినా, నీ నాలుగేళ్ల కష్టాన్ని నా గోటితో నేనే పాడుచేశాను," అంది.

"ఏడుపు తర్వాత. ముందు ఆ ముప్ఫై సంగతి చూడు," అంది వదిన.

ఆవిడ ముక్కు తుడుచుకుంది. "అవే డిస్కులివ్వండి. యాభై. నాసిరకం అన్నాను, తప్పు నాదే." ఆ మాట ఆవిడ నోట వినడం వదినకు ఇదే మొదటిసారి.

"పాతవాటి లేబుళ్లు ముట్టుకోకండి," అన్నాడు షాపాయన కట్ట కడుతూ. "ఉన్నవి ఉన్నట్టే పెట్టి కాపీ చేయండి. కొత్తవాటికి పెట్టె మీద అంటించండి, డిస్కు మీద వద్దు."

తొమ్మిది రోజులు పట్టింది. రెండు డిస్కులు చుక్కలు చూపించాయి గానీ, చివరికి ముప్ఫై కూడా ఎక్కాయి. ఆవిడ ప్రతి నిమిషం రికార్డింగునూ విని సరిచూసుకుంది. ఏడోది మాత్రం దక్కలేదు. అది భుజం, చెయ్యి ఉన్న భాగం.

పదో రోజు ఇద్దరూ రికార్డింగ్ గదిలో తలుపేసుకుని కూర్చున్నారు. వదిన పుస్తకం తెరిచి, మైకు వైపు చూసి, మళ్లీ మూసేసింది.

"ఈ గొంతుతో నేను చదవనే. పిల్లలు ఒక్క ముక్క కూడా వినలేరు."

"నువ్వు బొమ్మ చూసి నా చెవిలో చెప్పు. పైకి నేను చెబుతా."

"బొమ్మ తెలియకుండా ఎలా చెబుతావు?"

"నాకు తెలియకపోవడమేమిటి? ముప్ఫై ఒక్క డిస్కులూ విన్నదాన్ని! భుజం ఎలా ఉంటుందో నీకంటే నాకే బాగా తెలుసు."

వదిన నవ్వింది. ఆవిడ చేతిని తీసుకుని తన భుజం మీద వేసుకుని, "మొదటి కండరం ఇక్కడ పుడుతుంది," అంటూ వేళ్లను మెల్లగా కిందికి జరిపింది. ఆవిడ తలూపి, రెండో చేత్తో మీట నొక్కింది.

"ఏడో డిస్కు," అంది మైకులో, ఎప్పటిలా ధాటిగా. "బొమ్మలు చూస్తున్నది మా వదిన. చెబుతున్నది నేను. మొదటిసారి రాసిన డిస్కును పాడుచేసింది కూడా నేనే."

"ఆ చివరి మాట తీసెయ్యవే," అంది వదిన చెవిలో.

"ఉండనీ," అని, భుజం బొమ్మ మొదలుపెట్టింది.